కంకణము చూపు పులి



పూర్వము మన యిండ్లకు వీథి వాకిలి యొకటి, పెరటి వాకిలి యొకటి యుండెడివి. వీథి వాకిట నిలిచిన వానిని అరుగుమీది పెద్దలు "ఏ యూరు? ఎవరి వారు? ఏమి పని?" యని యడిగిన పిమ్మటనే లోనికి రానిచ్చెడివారు. పెరటి దారిని వచ్చు పాలవానిని, గాజుల సెట్టిని ఇల్లాలు పేరు పెట్టి పిలిచెడిది. నేడు తలుపులకు గొళ్లెములు హెచ్చినవి. కిటికీలకు ఇనుప చువ్వ లమరినవి. కాని అఱచేతిలో ఇమిడెడు సెల్‌ఫోను మన బిడ్డ గదిలో మూడవ వాకిలి తెఱచినది. ఆ వాకిట అరుగు లేదు. అరుగుమీద పెద్దలును లేరు. తల్లి ఆదమఱచి నిద్రించుచుండగా, ముక్కుమొగ మెఱుగని వాడొకడు ఆ దారిని వచ్చి, పదునాలుగేండ్ల బిడ్డతో రెండు జాములు మాటలాడి పోవుచున్నాడు.

ఈ వాకిలిని మూసివేయు డని చెప్పుటకు మేము రాలేదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వ్యాపించి పాఠశాలలు మూతపడినపుడు ఈ ఫోనే మన బిడ్డలకు బడి యైనది. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే, ఒకే ఫోను ముందు ముగ్గురు తోబుట్టువులు వంతులవారీగా కూర్చుండి పాఠములు వినుట మే మెఱుగుదుము. నాడు చేతికి వచ్చిన ఫోను నేడు చేతిని వీడదు. దానివలన విద్య గలదు, వినోదము గలదు, దూరమున నున్న అక్కచెల్లెండ్ర మొగము చూచు భాగ్యమును గలదు. అయినను దీనికి మనవారు పెట్టిన "అంతర్జాలము" అను పేరులోనే జాలము, అనగా వల, యున్నది. వల పన్నువాడును ఎచ్చటనో యుండక తప్పదు. వాని నడక ఎట్టిదో తెలిసికొనుట తల్లులకు విధి.

ఇట్టి విషయము కుటుంబ స్త్రీలు చదువు పత్రికలో వ్రాయదగునా యని కొందఱు శంకింపవచ్చును. బిడ్డల మానమునకు హాని చేయువారిని గూర్చి తల్లులు మాటలాడుట అమర్యాద యైనచో, ఇక మాటలాడవలసిన వారెవరు? మనము సిగ్గుపడి విడిచిన మాటనే ఆ దుర్మార్గుడు తన కోటగా చేసికొనుచున్నాడు. కావున మర్యాద తప్పకయే, దాపఱికము లేక చెప్పుకొందము.

చిన్నయసూరిగారి నీతిచంద్రిక చదివిన వారికి ముసలిపులి కథ క్రొత్త గాదు. ముసలితనముచే వేటాడలేని పులి యొకటి చెఱువు గట్టున స్నానముచేసి, దర్భలు చేతబట్టి, బంగారు కంకణము చూపి బాటసారిని పిలుచును. తాను పూర్వము పాపము చేసినది నిజమే గాని యిప్పుడు ధర్మము చేయుచున్నా నని నమ్మబలుకును. ముందు స్నానము చేసి శుచివై రమ్మనును. చెఱువున దిగిన బాటసారి బురదలో కూరుకొనిపోగా, "భయపడకుము, నేను లేవనెత్తెదను" అని మెల్లమెల్లగా దగ్గఱకు వచ్చును. తరువాతి కథ చెప్పనక్కఱలేదు.

నేటి పులి నడచు దారియు నక్షరాల ఇదియే. వాని దర్భలు దొంగ మొగము. నలువదేండ్ల వాడు ఎవరిదో యొక పదునాఱేండ్ల బాలుని ఛాయాచిత్రమును తగిలించుకొని ఇన్‌స్టాగ్రాములోనో ఫేసుబుక్కులోనో ఖాతా తెఱచును. ఆడపిల్లను నమ్మింప నవసరమైనచో తానును ఆడపిల్లనే యనును. బాలురను వెదకువాడు వారు కలసి యాడుకొను వీడియో ఆటలలో జతకాడై చేరును. వాని కంకణములు అనేకములు. "నీ పాట యెంత బాగున్నది!" అను పొగడ్త మొదటిది. ఆటలో పనికివచ్చు నాణెములు, ఫోనునకు రీచార్జి, సినిమాలో వేషము, ప్రకటనలలో అవకాశము తరువాతివి. ఇంటిలో మందలింపబడిన దినమున "నిన్ను అర్థము చేసికొన్నవాడను నే నొక్కడనే" యను మాట అన్నిటికంటె మెఱయు కంకణము. చెఱువున దిగు మనుట యేమనగా, నలుగురు చూచు తావు విడిచి, వ్రాసిన వ్రాత కొంతసేపటికి తానే మాసిపోవు మఱియొక యాప్‌నకు రమ్మనుట. అచ్చట "ఇది మన యిద్దఱి రహస్యము, మీ అమ్మతో అనకుము" అనును. బురద యేమనగా, ఒక్క చిత్రము. ఆటకు అడిగినట్లు, ప్రేమకు పరీక్ష వలె, ఒక్కటే యని అడిగి పుచ్చుకొనును. వీడియోలో మాటలాడునప్పుడు బిడ్డ యెఱుగకుండ దానిని పట్టి దాచుకొనుటయు గలదు. అంతట పులి నోరు తెఱచును: "ఇట్టివి మఱికొన్ని పంపుము, లేదా రూకలు పంపుము, కాదందువా, దీనిని మీ బడివారికి, మీ నాయనకు చూపెదను."

ఈ పని కొందఱి యెడ నెలల తరబడి సాగును. కొందఱి యెడ ఒక్క రాత్రిలో ముగియును. బిడ్డ తెలివి తక్కువది యగుటచే వలలో పడినదని తలపరాదు. వలపన్నువాడు దినమున కెందఱితోనో ఇదే మాట పలికి పలికి ఆరితేరినవాడు. బిడ్డకో, అది జీవితమున మొదటి యనుభవము.

కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమునకు చెందిన అమందా టాడ్ అను బాలిక కథ లోకమంతయు నెఱిగినదే. ఏడవ తరగతి చదువునాడు, వీడియో ముచ్చటలలో పరిచయమైన వాని పొగడ్తకు లోనై, ఆ బిడ్డ ఒక్కమాఱు ఎద వస్త్రము తొలగించెను. ఆ క్షణము చిత్రమై పోయినది. ఏడాది తరువాత ఆ చిత్రము చూపి బెదరించువాడు బయలుదేరెను. ఆమె స్నేహితులకు దానిని పంపెను. ఆమె బడి మారెను. అచ్చటికిని ఆ చిత్రము వెంటవచ్చెను. తోడి పిల్లలు వెలివేసిరి, ఎగతాళి చేసిరి. 2012వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఆ బాలిక నోట పలుకు లేకయే, తన గాథను అట్టముక్కలపై వ్రాసి, ఒక్కొక్కటిగా చూపి, తొమ్మిది నిమిషముల వీడియోగా లోకమునకు విన్నవించుకొనెను. అక్టోబరు 10వ తేదీన ప్రాణము విడిచెను. అప్పటి కామెకు పదునైదేండ్లు. బెదరించిన వాడు మహాసముద్రమున కావల నెదర్లాండ్సు దేశమున నుండెను; దొంగపేర్లతో ఇరువదికి పైగా ఖాతాలు నడపెను. అతనికి 2022వ సంవత్సరమున కెనడా న్యాయస్థానము పదుమూడేండ్ల శిక్ష విధించెను. న్యాయము జరిగినది, కాని పది సంవత్సరముల పిమ్మట.

ఇది ఆడపిల్లల తల్లుల బాధయే యని మగబిడ్డల తల్లులు నిశ్చింతగా నుండరాదు. 2022వ సంవత్సరము డిసెంబరులో అమెరికా దేశపు ఎఫ్.బి.ఐ. వారు ఒక హెచ్చరిక ప్రకటించిరి. ఆడపిల్లవలె నటించి, బాలురచేత నగ్నచిత్రములు పంపించుకొని, వెంటనే ధనమునకై బెదరించు ముఠాల వలన 3,000 మందికి పైగా పిల్లలు హాని పొందిరనియు, వారిలో బాలురే అధికులనియు, పండ్రెండుగురికి మించి ఆత్మహత్య చేసికొనిరనియు అందు తెలిపిరి. ఆ దేశముననే బిడ్డల రక్షణకై పనిచేయు జాతీయ కేంద్రమునకు, అంతర్జాలమున పిల్లలను లోబఱచుకొనుటను గూర్చి 2021లో 44,155 ఫిర్యాదులు రాగా, 2023లో 1,86,819 వచ్చినవి. రెండేండ్లలో నాలుగింతలు!

మఱియొక క్రొత్త కీడును గలదు. బిడ్డ యేమియు పంపకున్నను, పుట్టినరోజునాడు మనమే మురిసి పెట్టిన చిత్రములోని మొగమును కృత్రిమ మేధ అను యంత్రవిద్యచే వేఱొక నగ్నదేహమునకు అతికి బెదరించువారు బయలుదేరినారు. కావున "మా బిడ్డ అట్టి పని చేయదు" అను ధీమాయు నేడు కవచము గాదు.

ఇప్పుడు అసలు మాటకు వచ్చెదము. ఈ దుర్మార్గుని చేతిలోని ఆయుధమేది? చిత్రమా? కాదు. "మీ అమ్మకు చెప్పెదను" అను మాట వాని ఆయుధము. "చెప్పుకొనుము, మా అమ్మకు నేనే చెప్పితిని" అని బిడ్డ పలుకగలిగిన యింట వాని కత్తి మొద్దువాఱును. అమ్మకు తెలిసిన పిమ్మట చచ్చుటయే మేలని బిడ్డ తలచు నింట అదే కత్తి వజ్రాయుధమగును. అనగా ఆ కత్తికి పదును పెట్టునది సముద్రమున కావల నున్న వాడు గాదు. మన యింటిలోని భయము.

ఆ భయము ఎట్లు పుట్టునో యోచింపుడు. ఏదో యూరిలో ఎవరి బిడ్డకో ఇట్టి యాపద కలిగిన వార్త విని, వంటయింట కూరగాయలు తఱుగుచు మనము "ఆ పిల్లకు బుద్ధి లేకపోయెను", "ఆడపిల్లకు ఫోనిచ్చిన వారి ననవలెను", "పరువు గంగపాలు చేసినది" అని తీర్పు చెప్పుదుము. ఆ మాటలు ఆ పిల్ల చెవిని పడవు. ప్రక్కగదిలో పుస్తకము ముందు కూర్చుండిన మన పిల్ల చెవిని పడును. తనకేదేని జరిగిన దినమున తన తల్లి తీర్పు ఎట్టిదో ఆ బిడ్డ ఆనాడే తెలిసికొని నోరు కుట్టుకొనును. "మార్కులు తగ్గినచో ఫోను లాగికొందును", "చదువు మాన్పించి పెండ్లి చేయుదును" అను బెదరింపులు కోపమున అన్నవే యగును. బిడ్డ మనసున అవి శాసనములై నిలుచును.

విరాటపర్వమును స్మరింపుడు. సుదేష్ణ పంపగా కీచకుని యింటికి పోయిన ద్రౌపది అవమానము పొంది, రాజసభకు పరువెత్తినను అచ్చట న్యాయము దొరకలేదు. ఆ రాత్రి ఆమె వంటశాలకు పోయి భీమునితో తన దుఃఖము చెప్పుకొన్నది. అతడు ఆమెపై నేరము మోపలేదు. ఆమె దుఃఖమును తనదిగా గైకొని ఉపాయము పన్నెను. కీచకుడు అణగినది భీముని బాహుబలముచే నన్నది నిజము. కాని ద్రౌపది నోరు విప్పుటకు అర్ధరాత్రమున తలుపు తట్టదగిన తావొకటి లేకున్నచో ఆ బాహుబల మెందుకు? బిడ్డకు అట్టి తావు తల్లి కావలెను.

కావున ఆపద రాకమునుపే చేయదగిన పనులు కొన్ని గలవు. మొదటిది మాట. పదునొకండు పండ్రెండేండ్లు వచ్చినపుడే, కొడుకునకును కూతునకును సమానముగా, పులి కథ చెప్పునట్లే ఈ కథయు చెప్పవలెను. ఒక్క సూత్రము వారి మనసున నాటవలెను: "మీ అమ్మతో చెప్పవద్దు అని యెవరన్నను, అమ్మతో మొట్టమొదట చెప్పవలసిన మాట అదియే." ఈ సూత్రము ఫోనులోని పరాయివానికే గాదు, ఇంటికి వచ్చు చుట్టమునకు, ట్యూషను చెప్పు వానికి, ఆటో నడపు వానికిని వర్తించును. బిడ్డలకు హాని చేయువారిలో తెలిసినవారే అధికులను సంగతి మఱవరాదు.

రెండవది ఏర్పాటు. రాత్రి యింటిల్లిపాది ఫోనులు, పెద్దవారివి సైతము, ఒకే తావున చార్జింగునకు పెట్టి నిద్రించుట మంచిది. అందఱకు ఒకే నియమమైనచో అది శిక్ష గాదు, ఆచార మగును. బిడ్డ ఖాతా పరాయివారికి కనబడకుండ చేయించుడు. ఇన్‌స్టాగ్రామువారు పదునెనిమిదేండ్లు నిండని వారి ఖాతాలు తమంతట తామే అట్లు మఱుగున నుండునట్లును, పరిచయము లేనివారు జాబు పంపకుండునట్లును 2024వ సంవత్సరమున ఏర్పాటు చేసి, 2025 ఫిబ్రవరిలో మన దేశమునకును విస్తరింపజేసిరి. అయితే బిడ్డ వయసు ఎక్కువ వేసి ఖాతా తెఱచినచో ఆ రక్షణ యెల్ల వ్యర్థము. కావున వయసు సరిగా వ్రాసినదో లేదో చూడుడు.

మూడవది మన నేర్పు. "మాకు ఫోను సంగతులు తెలియవు" అని వెనుదీయవలదు. ఒక సాయంకాలము బిడ్డనే గురువుగా కూర్చుండబెట్టి "నీ వాడు ఆట యెట్టిదో చూపుము, ఇందు పరాయివారు ఎట్లు మాటలాడుదురు?" అని యడుగుడు. దొంగచాటుగా వెదకి తెలిసికొను తల్లికంటె, ప్రక్కను కూర్చుండి నేర్చికొను తల్లికి నిజము దొరకును. వసతిగృహములలో చదువుచు సెలవులకు మాత్రమే ఇల్లు చేరు బిడ్డల యెడ ఇది మఱియు ముఖ్యము. నెలల తరబడి ఫోను లేక, ఒక్కసారిగా రాత్రింబవళ్లు అదియే లోకమగు దినములవి.

నాలుగవది కనిపెట్టుట. నవ్వుచు తిరుగు బిడ్డ హఠాత్తుగా మూగవోవుట, ఫోను మ్రోగగానే ఉలికిపడుట, మనము గదిలోనికి రాగానే దానిని బోర్లించుట, తిండి నిద్ర చెడుట, ఎవరిచ్చిరో చెప్పలేని వస్తువులు చేతికి వచ్చుట, పోపులడబ్బీలోని రూకలు తగ్గుట: వీనిలో ఏది కనబడినను గద్దింపక, అన్నము పెట్టుచు మెల్లగా అడుగుడు.

ఆపద వచ్చియే యున్నచో? మొదటి మాటతోనే సగము గెలుపు. "ఎందుకు చేసితివి?" అనవలదు. "నాతో చెప్పి మంచిపని చేసితివి. తప్పు వానిది. ఇక నీ వొంటరివి గావు" అనుడు. బెదరించు వానికి ఒక్క రూపాయియు పంపవలదు. ఒకమాఱు రుచి మరగిన వాడు విడువడు. వానితో ప్రత్యుత్తరములు మానుడు. కోపమున అంతయు తుడిచివేయకుడు. వాని పేరు, ఖాతా, ఫోను నంబరు, బెదరించిన మాటలు, తేదీలు కనబడునట్లు స్క్రీన్‌షాట్లు తీసి యుంచిన పిమ్మట వానిని అడ్డగింపుడు. బిడ్డ చిత్రమును మాత్రము సాక్ష్యమునకై నను బంధువులకు, స్నేహితులకు పంపవలదు.

1098 అను బిడ్డల సహాయ సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. సైబరు నేరములకు 1930 అను సంఖ్య గలదు. కేంద్ర ప్రభుత్వమువారి నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో, పిల్లల చిత్రముల విషయమున, పేరు చెప్పకయే ఫిర్యాదు చేయు వీలును గలదు. "టేక్ ఇట్ డౌన్" అను ఉచిత సేవ 2023 నుండి నడచుచున్నది. చిత్రమును ఎవరికిని పంపకయే, దాని గుర్తును మాత్రము సంకేతముగా మార్చి, అందు చేరిన సంస్థలు ఆ చిత్రమును తమ తావులనుండి తొలగించునట్లు అది తోడ్పడును. బిడ్డ మనసు కలతపడినదని తోచినచో ఒంటరిగా విడువక, 14416 అను టెలి-మానస్ సంఖ్యకు ఫోను చేసి మనోవైద్యుల మాట వినుడు. ఆ కొలది దినములు బిడ్డ ప్రక్కనే పరుండుట ఏ యౌషధమునకును తీసిపోదు.

"పోలీసుల కడకు పోయిన పరువు పోవును గదా" యని మీ రడుగవచ్చును. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ఈ భయము నెఱిగియే వ్రాయబడినది. పదునెనిమిదేండ్లు నిండని బాలబాలికల కెల్లరకు అది సమానము. బిడ్డ మాటను ఇంటివద్దనే, సాధ్యమైనంతవఱకు సబ్-ఇన్‌స్పెక్టరునకు తక్కువ గాని స్త్రీ అధికారి, పోలీసు దుస్తులు ధరింపక, తల్లిదండ్రుల సమక్షమున వ్రాసికొనవలెను. బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. పేరు, చిత్రము, బడి, ఊరు పత్రికలలో ప్రకటింపరాదు. ఎలక్ట్రానిక్ సాధనములతో బిడ్డను వెంటాడుట నేరము; బిడ్డ చిత్రమును బయటపెట్టెద నని బెదరించుట, అది కల్పిత చిత్రమైనను, నేరమే. వీనికి మూడేండ్లవఱకు శిక్ష గలదు. బిడ్డను అశ్లీల చిత్రములకు వినియోగించిన వానికి 2019 నాటి సవరణము ననుసరించి అయిదేండ్లకు తక్కువ గాని శిక్ష గలదు. ఇట్టి నేరము జరిగినదని తెలిసియు తెలుపకుండుట సైతము ఆ చట్టము క్రింద నేరమే. పిల్లల అశ్లీల చిత్రములను పంపువాడే గాక, తెలిసియు ఫోనులో దాచుకొనువాడును నేరస్థుడు కాగలడని 2024వ సంవత్సరము సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఏ బిడ్డ చిత్రమైనను మన వాట్సాపునకు వచ్చినపుడు "చూచితివా యీ ఘోరము" అని మఱియొకరికి పంపు అమ్మలు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

చట్టము పరువును కాపాడుటకు ఇంత పాటుపడుచుండగా, పరువు పేరిట బిడ్డను పులికి విడుచుట న్యాయమా? పరువు పోవలసినది ఆశపెట్టి వంచించిన వానికి. బురదలో కూరుకొనిన బిడ్డకు గాదు. ఆ కథలోని బాటసారి పిలిచిన, వినుటకు గట్టుమీద మనిషి లేకపోయెను. మన బిడ్డలకు మన మున్నాము.

పెనిమిటులతోను ఈ సంగతి ముచ్చటింపుడు. తండ్రి కోపమును గూర్చిన భయము తల్లి భయముకంటె పెద్దది. ఈ పత్రిక మూసిన పిమ్మట, నేటి రాత్రి భోజనము వడ్డించు వేళనే, మీ బిడ్డతో ఈ మాట యనుడు: "ఏమి జరిగినను, ఎంత తప్పని నీకు తోచినను, మొదట నాతో చెప్పుము. ఆ దినమున నిన్ను కోపింపను." అని, అట్టి దినము వచ్చినపుడు ఆ మాట నిలుపుకొనుడు.